వెర్నా కాపాడిన వీధి

వెర్నా స్టాల్‌క్యాంప్ లేకపోతే మా వీధి ఇవాళ కార్లు నిలుపుకునే తారు మైదానం. ఈ మాట ఆవిడంటే గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. గిట్టనివాళ్ళు తక్కువేం లేరు.

డెబ్బైల్లో మా ఊరికి కూలగొట్టే పిచ్చి పట్టింది. నది ఒడ్డున నాటకశాల పోయింది. దాన్నానుకుని ఉన్న ఇనప కమానుల దుకాణాల వరస పోయింది. జర్మన్లు కట్టుకున్న ఇటుక చర్చి ఒక్క వారంలో పోయింది. అన్నిటి మీదా తారు పోసి తెల్లగీతలు గీశారు. తర్వాతి వంతు మా వీధి ఉన్న కొండ, బ్రూవరీ హిల్‌ది. వెర్నా అప్పుడు స్కూలు బస్సు నడిపేది. క్రేను వచ్చిన రోజు పొద్దున పిల్లల్ని బడి దగ్గర దించేసి, ఖాళీ బస్సు తెచ్చి వీధి మొదట్లో అడ్డంగా నిలిపి, తాళంచెవి కోటు జేబులో వేసుకుని ఇంట్లోకెళ్ళి కాఫీ పెట్టుకుంది. పోలీసులు తలుపు కొడితే, "బండి చెడిపోయింది, మెకానిక్ వస్తున్నాడు" అని చెప్పింది. ఆ మెకానిక్ ఆవిడ మొగుడు లోవెల్. బీరు ఫ్యాక్టరీలో గొట్టాలు బిగించే పని ఆయనది, సాయంత్రం దాకా రాడని ఆవిడకి తెలుసు. ఆలోపు కోర్టు నుంచి ఆపమని ఉత్తర్వు వచ్చింది. బస్సు ఉద్యోగం పోయింది, వీధి మిగిలింది.

ఆ తర్వాత ఆవిడ ఇల్లిల్లూ తిరిగి, నగరసభలో గొంతు చించుకుని, కొండ మీది ఇళ్ళన్నిటినీ రక్షిత కట్టడాలుగా రాయించింది. వాటిని చూసుకోవడానికి పాత ఇళ్ళ సంఘం పుట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా అందులో ఆవిడ మాటే మాట. వీధి వైపు గోడకి గాని, గుమ్మానికి గాని, మెట్లకి గాని కొత్తగా ఏదీ తగిలించకూడదన్న నియమం ఆవిడ పట్టుబట్టి పెట్టించిందే. ఆవిడ చేతిసంచిలో ఫ్రిజ్‌కి అంటించుకునే టమాటా బొమ్మ అయస్కాంతం ఒకటి ఉండేది. ఎవరింటి ముందైనా కొత్త కటకటాలు కనిపిస్తే ఆగి దాన్ని ఆనించేది. అంటుకుంటే ఇనుము. జారితే అల్యూమినియం. జారిందా, ఆ ఇంటివాళ్ళు ఆ నెల సంఘం ముందు నిలబడాల్సిందే. ప్లాస్టిక్ కిటికీలు పీకించింది. డిష్ యాంటెనాలు దింపించింది. పళ్ళ డాక్టరొకడు వీధి తలుపుకి ఊదారంగు వేసుకుంటే గీకించింది. ఆవిడ నడిచొస్తుంటే, "మిస్ వెర్నా వస్తోంది, ఇల్లు దాచుకోండి" అనేవాళ్ళు జనం.

ఎదురింటి డెల్ఫీన్ టాకెట్ సంగతికొస్తే మాత్రం ఎవరూ నవ్వరు. డెల్ఫీన్ వాళ్ళమ్మకి మోకాళ్ళు పోయినప్పుడు ముందు మెట్ల పక్కన, చక్రాల కుర్చీ దిగేలా వాలుగా చెక్క ర్యాంప్ వేసుకుంటామని అడిగారు. వెర్నా ఒప్పుకోలేదు. ఆవిడ కాదంటే సంఘం కాదన్నట్టే. ముసలావిడని వృద్ధాశ్రమంలో చేర్చారు, ఆ చలికాలమే అక్కడ పోయింది. అప్పట్నుంచి డెల్ఫీన్ వెర్నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రోజూ పొద్దున్నే తన వరండాలో కాఫీ కప్పు పట్టుకుని కూర్చుని, ఎదురుగా వెర్నా గుమ్మాన్ని చూస్తూ ఉంటుంది.

నేను వెర్నా ఇంట్లో మూడో అంతస్తులో అద్దెకుంటాను. కాలేజీ రెండో ఏడాది మధ్యలో వదిలేసి వచ్చి, పాత కిటికీలు బాగుచేసే చోట పనికి కుదిరాను. గదిలోకి దిగిన రోజు లోవెల్ నా చెయ్యి పట్టుకుని ఊపి, "ఆవిడ పెళ్ళి చేసుకుంది ఈ ఇంటిని అబ్బాయ్. నేనూ నీలాగే అద్దెకున్నా" అన్నాడు.

ఆయనకి ఊరి బయట కొత్త కాలనీలో, మెట్లు లేని ఒంటి అంతస్తు ఇల్లు కావాలని ఉండేదట. బీరు ఫ్యాక్టరీలో తోటివాళ్ళంతా అలాంటివే కొనుక్కున్నారు. వెర్నా కదలనంది. ఆయన కూడా ఉండిపోయాడు.

కిందటేడు మార్చిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోటికేమీ కాలేదు. అది పొరపాటున మిగిలిపోయిందని వెర్నా అంటుంది. బ్యాటరీ చక్రాల కుర్చీ ఒకటి వచ్చింది. ఎడమ చేత్తో చిన్న పిడి నొక్కితే అదే పోతుంది. ఆయన దాని మీద ముందు గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి ముందు గదిలోకి తిరిగేవాడు. అంతకు మించి దారి లేదు. కుర్చీ ఇనుప ముద్ద, మోయడానికి నలుగురు కావాలి. ముందు వైపు నిలువెత్తు సున్నపురాయి మెట్లు, వెనక సందులోకి నిచ్చెనలాంటి ఇనప మెట్లు. ఆయన బయటికి వెళ్ళాలంటే నేను వీపు మీద ఎక్కించుకోవాలి. ఆ పని ఎవరూ నాకు చెప్పలేదు. ఇంట్లో పనిచేసే నడుం నా ఒక్కడిదే.

బీరు ఫ్యాక్టరీ మూతబడి చాలా ఏళ్ళయింది గాని, దాని పాత కార్మికుల హాలు మాత్రం రెండు సందుల అవతల ఇంకా నడుస్తోంది. శుక్రవారం శుక్రవారం అక్కడ చేపలు వేయిస్తారు, పేకాడతారు. లోవెల్‌కి వారమంటే ఆ ఒక్క సాయంత్రమే. మొదట్లో నేను మోసుకెళ్ళేవాణ్ణి. ఒకరోజు తిరిగొస్తుంటే నా చెవి దగ్గర అన్నాడు:

"ఇంక వద్దురా ఎమెట్."

"ఏం, చేప బాలేదా?"

"చేప బానే ఉంది. నువ్వు నన్ను లోపలికి మోసుకొచ్చేసరికి అందరూ పేకముక్కలు కింద పెట్టేస్తున్నారు, చర్చిలోకి శవపేటిక వచ్చినట్టు. హూబర్ట్ అయితే టోపీ కూడా తీశాడు. నా కుర్చీలో నేను పోవాలి. తలుపు కాలితో తన్ని, 'జరగండ్రా' అనాలి. అలా అయితేనే వస్తా."

అలా అని శుక్రవారాలు మానేశాడు. కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఆ కిటికీ నేనే బాగుచేశాను. పాత అద్దం, కొంచెం అలలు అలలుగా ఉంటుంది. దాంట్లోంచి వీధి నీళ్ళలో ఉన్నట్టు కనిపిస్తుంది.

నాకా ఒక చోట కాలు నిలవదు. ఈ మార్చిలో, ఒకరోజు పొద్దున్న టిఫిన్ దగ్గర చెప్పేశాను. "ఈస్టర్ అయ్యాక వెళ్ళిపోతున్నా. నెబ్రాస్కాలో గాలిమరల పని దొరికింది."

వెర్నా పెనం మీద మాంసం ముక్క తిప్పబోయి ఆగింది. "మరి లోవెల్?"

"ర్యాంప్ వేయించండి మిస్ వెర్నా. సంఘం ఇప్పుడు అనుమతి ఇస్తోందట కదా."

"ఎవడు చెప్పాడు నీకు?"

"నువ్వు సంఘం పెద్దరికం వదిలిన మర్నాటి నుంచీ ఇస్తున్నారు వెర్నా," అన్నాడు లోవెల్.

"ఆ మెట్లు ఎలాంటివో నీకు తెలుసా అసలు? ఈ కొండ మీద అలాంటి రాయి ఇంకో ఇంటికి లేదు."

"నాకు తెలీకపోవడమేంటి? ఏడాదిగా వాటి వంకే చూస్తున్నా."

ఆవిడ స్టవ్ కట్టేసి పైకి వెళ్ళిపోయింది. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు కోటు వేసుకుని సంఘం ఆఫీసుకి నడిచి వెళ్ళి దరఖాస్తు ఇచ్చి వచ్చింది.

మా ఊళ్ళో ఇలా దరఖాస్తు పెట్టుకుంటే, విచారణ జరిగేదాకా ఇంటి ముందు నారింజరంగు పలక పాతుతారు. ఎవరు ఏం అడుగుతున్నారో దారినపోయేవాళ్ళందరికీ తెలియాలని ఆ ఏర్పాటు. అది కూడా వెర్నా తెచ్చిందే. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ గడ్డిలో పలకలు పాతించిన మనిషి గడ్డిలో ఇప్పుడు పలక. జనం కుక్కల్ని తిప్పే నెపంతో వచ్చి చూసి వెళ్ళారు. పళ్ళ డాక్టరు కారు ఆపి ఫోటో తీసుకున్నాడు. వెర్నా ముందు గది కర్టెన్లు వేసేసింది. "నా కిటికీ!" అని లోవెల్ కేకేశాడు. ఆవిడ వినిపించుకోలేదు. పలక ఉన్నన్నాళ్ళూ ఆయన పగలంతా లైటు వేసుకుని కూర్చున్నాడు.

విచారణ రోజు హాలు నిండిపోయింది. మామూలుగా అక్కడికి కుర్చీల కంటే తక్కువమంది వస్తారు. సంఘం పెద్ద ప్రూయిట్ అనే ఆయన, వెర్నా దగ్గర పని నేర్చుకున్నవాడే, వినయంగా అడిగాడు. "మిసెస్ స్టాల్‌క్యాంప్, మీ దరఖాస్తు గురించి మీరేమైనా చెప్తారా?"

ఆవిడ లేచి, కళ్ళజోడు పెట్టుకుని, గోడ మీద వేసిన తన ర్యాంప్ నమూనా కేసి చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను. అలవాటు ఆవిణ్ణి లాక్కెళ్ళిపోయింది.

"బొమ్మ బాలేదు," అంది. "పైభాగం బరువుగా ఉంది. కటకటాలు ఇంటి కటకటాలతో కలవలేదు. నేలమాళిగ కిటికీ సగం కప్పేస్తోంది. ఎవరు గీశారిది?"

"మీరేనండీ," అన్నాడు ప్రూయిట్.

హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

"అయితే తిరస్కరించమంటారా?"

ఆవిడ చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. చాలాసేపటికి, "వద్దు" అంది.

ఇరుగుపొరుగువాళ్ళు మాట్లాడొచ్చని ప్రూయిట్ అన్నాడు. వెనక వరసలో డెల్ఫీన్ టాకెట్ లేచింది. 

"ఇవ్వండి ఆవిడకి," అంది డెల్ఫీన్. "మా అమ్మకి దక్కనిది ఆ ముసలాయనకైనా దక్కనివ్వండి. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ ర్యాంప్ చూస్తా. నాకదే చాలు." కూర్చుంది.

తిట్టినా బాగుండేది. వెర్నా మెడ కిందనుంచి చెవుల దాకా ఎర్రబడింది. సభ్యులు చేతులెత్తబోతుంటే, "ఆగండి" అంది. "ఊరికే ఇవ్వొద్దు నాకు. షరతు పెట్టండి. ఇంటి వరండా ఏ చెక్కతో కట్టారో ర్యాంప్ కూడా ఆ చెక్కతోనే కట్టాలి. పాత చెక్క. రాతికి మేకు తగలకూడదు. ఇంకెవరైనా వస్తే నేనిలాగే అడిగేదాన్ని."

ప్రూయిట్ మొహమాటంగా, "అంత అవసరం లేదండీ" అన్నాడు.

"రాసుకో," అంది వెర్నా.

రాసుకున్నాడు. ఆ షరతు మీదే అనుమతి ఇచ్చారు. ఇంటికొచ్చాక జరిగినదంతా నేను చెప్తే లోవెల్ ఎడమ చేత్తో మొహం తుడుచుకున్నాడు. "తలుపు తీశారు. వెర్నాయే మళ్ళీ గడియ పెట్టుకొచ్చింది."

ఆ వరండా నూట యాభై ఏళ్ళనాటి పైన్ చెక్కతో కట్టింది. అలాంటి చెట్లు ఇప్పుడు లేవు. కూల్చిన ఇళ్ళలోంచి ఊడదీసిన దూలాలే దిక్కు. వాటికోసం నేనూ ఆవిడా నా పికప్‌లో తిరగడం మొదలుపెట్టాం. నదికి అవతల పాత సామాన్ల యార్డులున్నాయి. తలుపులు, పొయ్యి చట్రాలు, మెట్ల పిడులు గుట్టలుగా పోసి అమ్ముతారు. ఆవిడ ఆ గుట్టల మధ్య నడుస్తుంటే చూడాలి. ఒక్కో తలుపు దగ్గర ఆగి, "ఇది క్లే వీధిది. దీని ఇంటివాళ్ళు రొట్టెల కొట్టు నడిపేవాళ్ళు" అనేది. చెక్క కొస మీద వేలు పెట్టి చెట్టు వయసు చారలు లెక్కపెట్టేది. ఎడంగా ఉన్నాయని ఒకదాన్ని, పురుగు తగిలిందని ఒకదాన్ని, రంగు తేడా అని ఇంకోదాన్ని పక్కన పడేసేది. ఆ వయసు మనిషి మొహంలో అంత సంతోషం నేను ఇంకెక్కడా చూడలేదు. ఇంటి దగ్గర మొగుడు గోడకీ గోడకీ మధ్య తిరుగుతున్నాడన్న సంగతి ఆ గుట్టల్లో ఆవిడకి గుర్తుండేది కాదు.

ఈస్టర్ వెళ్ళిపోయింది. ఇంకో వారం ఆగమంది, ఆగాను. జూన్‌లో చెక్క దొరికినట్టే దొరికి చేజారింది. నెబ్రాస్కా వాళ్ళు ఫోను చేసి ఎప్పుడొస్తావన్నారు. వచ్చే వారం అన్నాను. మళ్ళీ చేశారు. తర్వాత చెయ్యడం మానేశారు.

"మీకు నిజంగా ర్యాంప్ కావాలా, వద్దా?" అని దారిలో ఒకసారి అడిగేశాను.

"కావాలి. సరైనది."

"ఆయనకి సరైనది అక్కర్లేదు. ఏదో ఒకటి కావాలి."

"అందరూ అదే అన్నారు నా దగ్గరికొచ్చి," అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఏదో ఒకటి, ఏదో ఒకటి. నేను వాళ్ళందరికీ కాదని చెప్పి, నా ఇంటికొచ్చేసరికి ఏదో ఒకటి అంటించుకోమంటావా? మరి డెల్ఫీన్ వాళ్ళమ్మని నేనెందుకు పంపించినట్టు?"

నేను గేరు మార్చి బండి పోనిచ్చాను. 

ఆగస్టులో ఒక శనివారం దొరికింది. మూతబడ్డ పొగాకు గోదాంలోంచి తీసిన పలకలు. చారలు వెంట్రుకల్లా దగ్గరగా, తేనె రంగులో ఉన్నాయి. వెర్నా ఒక పలక మీద చెంప ఆనించింది. ఎక్కించుకుని వస్తుంటే దారంతా హుషారుగా మాట్లాడింది, ఎలా కోయాలి, ఎలా చిత్రిక పట్టాలి అని.

వీధి మలుపు తిరగ్గానే మాట ఆగిపోయింది.

ఇంటి ముందు కార్మికుల హాలు నుంచి వచ్చిన నలుగురు ముసలివాళ్ళు, ఒక బీరు పెట్టె, ఒక కోత మిషను. హూబర్ట్ మోకాళ్ళ మీద కూర్చుని ఆఖరి మర బిగిస్తున్నాడు. గుమ్మం నుంచి వీధి దాకా ర్యాంప్ వేసేశారు. పెద్ద దుకాణంలో దొరికే చెదలు పట్టకుండా మందు కొట్టిన కొత్త చెక్క, ఇంకా తడిగా, కప్ప పచ్చ రంగులో. కటకటాలంటూ ఏవీ లేవు, రెండు వైపులా అడ్డకర్రలు కొట్టారు. నేలమాళిగ కిటికీ పూర్తిగా మూసుకుపోయింది. పైన గుమ్మంలో లోవెల్ తన కుర్చీలో, నా కోసం చూస్తున్నట్టు కూర్చున్నాడు.

"ఇదిగో వచ్చింది మేడమ్," అన్నాడు హూబర్ట్, లేవడానికి అడ్డకర్ర పట్టుకుని. "వాలులో ఒక్క అంగుళం తేడా లేదు వెర్నా, కావాలంటే కొలుచుకో. ఫోన్లో ఏడ్చాడు నీ మొగుడు."

"ఏడవలేదురా వెధవా," అన్నాడు లోవెల్ పైనుంచి. "జలుబు."

వెర్నా పికప్ దిగి నెమ్మదిగా దగ్గరికి వచ్చింది. చెక్క వంక చూడలేదు. కింది మెట్టు దగ్గర వంగింది. కదలకుండా ఉండాలని రాతిలోకి డ్రిల్లుతో నాలుగు కన్నాలు చేసి పెద్ద బోల్టులు దింపారు. తెల్లటి రాతి పొడి ఇంకా అక్కడే పడి ఉంది. ఒక కన్నం అంచున రాయి చితికి పెచ్చు లేచింది. ఆ పెచ్చుని చేతిలోకి తీసుకుంది.

"దీన్ని మళ్ళీ అతికించడం కుదరదు," అంది ఎవరితోనో.

"రాయికి నొప్పి ఉండదు వెర్నా," అన్నాడు లోవెల్. "నాకుంది."

 హూబర్ట్ మిగిలిన మరలు డబ్బాలో వేసుకున్నాడు. లోవెల్ పిడి నొక్కాడు. కుర్చీ గుర్రుమంటూ వాలు మీదికి వచ్చి, మధ్యలో ఒకసారి ఆగి, కిందికి దిగింది. చక్రాలు కాలిబాట మీద పడ్డాక ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి, వేళ్ళు విప్పి, గాలిలో ఉంచాడు. ఎదురుగా వరండాలో డెల్ఫీన్ లేచి నిలబడింది. చప్పట్లు కొట్టలేదు. నిలబడిందంతే.

షరతు తప్పినందుకు దాన్ని పీకించే హక్కు ఊరికి ఉంది. కాని ఫిర్యాదు వస్తే తప్ప ఇన్‌స్పెక్టరు రాడు. మా వీధిలో ఫిర్యాదులు చేసే మనిషి ఎప్పుడూ ఒక్కరే. ఆ ఒక్కరూ ఫోను పక్కన కుర్చీ వేసుకుని రెండు రోజులు కూర్చున్నారు. ఫోను ఎత్తడం నేను చూడలేదు.

ఆ తర్వాత ఆవిడ ముందు గుమ్మం వాడటం మానేసింది. కొట్టుకెళ్ళినా, చర్చికెళ్ళినా వెనక సందులోకి, ఆ ఇనప నిచ్చెన మెట్ల మీదే. ఆ మోకాళ్ళతో ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతుంది. ఒకసారి జారి మోచెయ్యి గీసుకుంది. బయటికెళ్ళడం బాగా తగ్గించేసింది. సరుకుల సంచులు ఆ మెట్ల మీదుగా మోసుకొచ్చేది నేనే. నెబ్రాస్కాలో ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు. తెచ్చిన పైన్ పలకలు నడవలో గోడకి ఆనించి ఉన్నాయి, పక్కగా నడవాల్సొస్తుంది.

మొన్న శుక్రవారం లోవెల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, దువ్వుకుని ర్యాంప్ దిగాడు. కాలిబాట మీద కుర్చీ తిప్పి ఇంటి వైపు చూశాడు. వెర్నా తలుపు వెనక నిలబడి ఉంది.

"రావే," అన్నాడు. "ఇవాళ క్యాట్‌ఫిష్. హూబర్ట్ నీకు సారీ చెప్తాడట, ఒకటికి రెండుసార్లు."

"నువ్వు వెళ్ళు."

"ఒక్కసారి దిగు. ఇదేం కరవదు."

ఆవిడ తలుపు తీసింది. చెప్పు కాలు గడప దాటి, పచ్చ చెక్క మీద ఆనీ ఆననట్టు ఆగింది. చెయ్యి తలుపు చట్రాన్ని పట్టుకునే ఉంది.

"రా వెర్నా. ఎవరూ చూడట్లేదు."

"నేను చూస్తున్నా," అంది.

కాలు వెనక్కి తీసుకుంది. లోవెల్ కాసేపు ఎదురుచూశాడు. తర్వాత కుర్చీ తిప్పుకుని హాలు వైపు వెళ్ళిపోయాడు. ఆవిడ కదలలేదు. ఆయన మలుపు తిరిగేదాకా, తిరిగాక కూడా, ఆ గడప మీదే నిలబడి ఉంది.